తాయ్ చీ, షింగ్‌యి, బాగ్వా: మీ ఒంటికి ఏది పడుతుంది?

సింగపూర్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో మేమున్న ఫ్లాట్ల బ్లాక్ కింద, స్తంభాల మధ్య ఖాళీగా వదిలిన జాగాలో రోజూ పొద్దున్న ఆరింటికి పది పన్నెండు మంది చైనీస్ పెద్దవాళ్ళు తాయ్ చీ అనే చైనా యుద్ధకళ సాధన చేసేవాళ్ళు. మూడు నెలలు వాళ్ళ వెనక నిలబడి చూసి చూసి చేశాను. ఫారమ్ (ఒక వరసలో చేసే కదలికల కూర్పు) అంతా వచ్చేసిందనుకున్నాను. ఒకరోజు వాళ్ళకి నేర్పే షీఫూ నా పక్కకొచ్చి, నా మోచేతి కింద రెండు వేళ్ళు పెట్టి, "చెయ్యి నాకు ఇచ్చెయ్" అన్నారు. ఇచ్చాననుకున్నాను. ఆయన వేళ్ళు తీసేశారు. నా చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. నిజంగా ఇచ్చి ఉంటే అది కింద పడాలి. భుజం ఇంకా దాన్ని పట్టుకునే ఉందన్నమాట. మళ్ళీ పెట్టారు, మళ్ళీ తీశారు. ఆ వారమంతా ఫారమ్ లేదు, ఇదొక్కటే. శనివారానికి చెయ్యి టప్పున తొడ మీద పడింది. ఆయన నవ్వి, "ఇప్పుడు మొదలుపెడదాం" అన్నారు.

హైదరాబాద్ తిరిగి వచ్చాక, తాయ్ చీ, షింగ్‌యి, బాగ్వా అనే మూడు చైనా యుద్ధకళల్లో ఏది నేర్చుకోమంటారని చాలామంది అడిగారు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నల కోసం కొందరు, ఆఫీసు టెన్షన్ తగ్గాలని కొందరు, కరాటే కొన్నాళ్ళు చేసి ఇంకేదో కావాలని ఇంకొందరు. యూట్యూబ్ తెరిస్తే తాయ్ చీలోనే ఒకరు చెన్ శైలి అంటారు, ఒకరు యాంగ్ శైలి అంటారు, ఇంకొకాయన చెట్టు చుట్టూ తిరుగుతూ బాగ్వా అంటాడు. ఎవరికైనా తికమకే. నేను పన్నెండేళ్ళుగా చేస్తున్నది యాంగ్ తాయ్ చీ. మధ్యలో నాలుగేళ్ళు షింగ్‌యి నేర్చుకున్నాను, ఒక ఏడాది బాగ్వా నడిచాను. ఆ అనుభవంతో చెబుతున్న మాటలివి. అడిగిన ప్రతివాళ్ళకీ ముందు ఆ రెండు వేళ్ళ సంగతే చెబుతాను. మీ ఊళ్ళో మూడు కళలూ దొరికినా, మీ మోచేతి కింద వేలు పెట్టి చూసే గురువు ఒక్కదానికే ఉంటే, ఎంపిక అయిపోయినట్టే.

అలాంటి అవకాశం ఒకటికి మించి ఉన్నవాళ్ళకి మిగతాదంతా పనికొస్తుంది.

"లోపలి కళ" అంటే ఏమిటి

తాయ్ చీ (పూర్తి పేరు తైజీచువాన్), షింగ్‌యిచువాన్, బాగ్వాజాంగ్ మూడింటినీ కలిపి చైనాలో నేయ్‌జియా అంటారు. లోపలి కుటుంబం అని అర్థం. ఈ మాట 1669లో హువాంగ్ జోంగ్‌షీ అనే పండితుడు ఒక యోధుడి సమాధి కోసం రాసిన లేఖనంలో ఉంది. ఇప్పుడు మనం అనుకునే మూడు కళల కూర్పు మాత్రం 19వ శతాబ్దం చివర్లో బీజింగ్ గురువుల మధ్య మొదలై, సున్ లుతాంగ్ (1860–1933) పుస్తకాలతో స్థిరపడింది. ఆయన ముందు షింగ్‌యి, తర్వాత బాగ్వా, యాభై దాటాక తాయ్ చీ నేర్చుకుని, మూడింటి మీదా పుస్తకాలు రాసిన మనిషి.

మూడింట్లోనూ ఉన్న సిద్ధాంతం ఒకటే. కండబలాన్ని "లీ" అంటారు, ఒళ్ళంతా ఒకటై పుట్టే బలాన్ని "జిన్" అంటారు. ఈ తేడా మన ఇళ్ళలో ఒకప్పుడు అందరికీ తెలిసిందే. కొత్తగా రోకలి పట్టిన మనిషి చేతులతో దంచుతుంది, పది పోట్లకే భుజాలు పడిపోతాయి. అలవాటైన మనిషి పాదం నుంచి నడుం మీదుగా ఊపు తెచ్చి, రోకలి బరువునే పని చెయ్యనిస్తుంది. గంటసేపు దంచినా మాట్లాడుతూనే ఉంటుంది. జిన్ అంటే అదే పద్ధతిలో పుట్టే బలం. అందులో మంత్రమేమీ లేదు.

రెండో మాట "సుంగ్". దీన్ని వదులు అని తెలుగు చేస్తే సగమే అర్థమవుతుంది. దండెం మీద ఆరేసిన పంచె చూడండి. దండెం బిగువుగా ఉంటుంది, పంచె వేలాడుతుంది. దండెం కూడా వదులైతే పంచె నేలకి రాసుకుంటుంది. నడినెత్తిని పైనుంచి ఎవరో దారంతో పట్టుకున్నట్టు వెన్ను నిలబడి ఉండాలి. భుజాలు, ఛాతీ, మోచేతులు దాని మీదనుంచి వేలాడాలి. కొత్తవాళ్ళు రిలాక్స్ అవ్వమనగానే వెన్నుతో సహా కూలబడిపోతారు.

ఇక "చీ" (ఒంట్లో తిరుగుతుందని వాళ్ళు చెప్పే శక్తి) దగ్గర మనవాళ్ళకి ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. చీ అనగానే ప్రాణం అంటాం, పొత్తికడుపులోని దాన్‌త్యెన్ అనగానే చక్రం అంటాం, ఐదు తత్వాలు అనగానే పంచభూతాలు అంటాం. చైనా వాళ్ళ ఐదు వేరు: లోహం, కట్టె, నీరు, నిప్పు, మన్ను. అందులో ఆకాశం లేదు, గాలి లేదు. ఊపిరి సంగతీ వేరే. ప్రాణాయామంలో కుంభకం ఉంటుంది. తాయ్ చీలో మొదటి ఏళ్ళలో ఊపిరి బిగబట్టడం అనేదే ఉండదు, దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. యోగా బాగా తెలిసినవాళ్ళు రెండూ కలిపేసి ఇబ్బంది పడటం చూశాను. రెండేళ్ళపాటు ఆ రెండింటినీ వేరు వేరు గూళ్ళలో పెట్టుకోండి. చీ గురించి తక్కువ మాట్లాడి, "మోచెయ్యి దించు, గజ్జ దగ్గర మడు, బరువు ఎడమ కాలికి పంపు" అని చెప్పే గురువే మొదట్లో ఎక్కువ మేలు చేస్తాడు.

షింగ్‌యి: తిన్నని దారి

షింగ్ అంటే రూపం, యి అంటే సంకల్పం. షాన్‌షీ ప్రాంతంలో జీ జికె అనే బల్లెం యోధుడి నుంచి వచ్చిందని సంప్రదాయం చెబుతుంది. 19వ శతాబ్దంలో హెబెయ్ నుంచి వెళ్ళి షాన్‌షీలోని దాయ్ కుటుంబం దగ్గర నేర్చుకున్న లీ లువోనెంగ్‌తో ఇది ఇప్పటి రూపానికి వచ్చింది. సరుకు బళ్ళకి కాపలా వెళ్ళే వృత్తివాళ్ళలో దీనికి మంచి పేరు ఉండేది. కదలికల్లో ఆ బల్లెం గుర్తు ఇప్పటికీ ఉంది: అన్నీ ముందుకే, తిన్నగా.

నేర్చుకోవాల్సింది తక్కువ. ఐదు దెబ్బలు. గొడ్డలితో చీల్చినట్టు పీ, బాణంలా దూసుకెళ్ళే బెంగ్, కిందనుంచి పైకి తొలిచే జువాన్, ఫిరంగిలా పేలే పావ్, అడ్డంగా తోసే హెంగ్. ఒక్కోదానికి ఒక్కో తత్వం: లోహం, కట్టె, నీరు, నిప్పు, మన్ను. తర్వాత పులి, కోతి, గుర్రం, పాము లాంటి పన్నెండు జంతు రూపాలు ఉంటాయి గానీ, ఆ ఐదుతోనే జీవితం గడిపిన గురువులున్నారు. గువో యున్‌షెన్ అనే ఆయనకి బెంగ్ ఒక్కదానితోనే చైనా అంతా పేరొచ్చింది.

నేర్చుకోవడం తేలిక, నిలబడటం కష్టం. షింగ్‌యి మొత్తం "సాన్‌తి" అనే ఒక్క నిలుపు మీద ఆధారపడింది. ఒక కాలు ముందు, వెనక పాదం కొంచెం పక్కకి తిరిగి, బరువు ఎక్కువ భాగం వెనక కాలి మీద. ముందు చెయ్యి భుజం ఎత్తున చాచి, వెనక చెయ్యి బొడ్డు దగ్గర. చూడటానికి ఏమీ లేదు. మొదటి నిమిషం హాయిగా ఉంటుంది. రెండో నిమిషంలో వెనక తొడ వేడెక్కుతుంది. మూడో నిమిషంలో ముందు చెయ్యి తెలియకుండానే జారుతుంది, దాన్ని ఎత్తబోతే భుజం చెవి దగ్గరికొస్తుంది. నాలుగో నిమిషంలో ఊపిరి ఛాతీలోకి ఎక్కి కూర్చుంటుంది. అక్కడ గురువు వచ్చి భుజం మీద అరచెయ్యి ఆనిస్తే, భుజం దిగుతుంది, దాంతో ఊపిరి దిగుతుంది, తొడ వణుకు మాత్రం ఉంటుంది. ఆ వణుకు మంచిదే. మోకాలు నొప్పి పుడితే మాత్రం ఆపాలి, ఆ రెండూ ఒకటి కావు.

ఎవరికి? రోజుకి ఇరవై నిమిషాలే ఉన్నవాళ్ళకి, పెద్ద ఫారమ్ గుర్తుపెట్టుకోవడం చిరాకు పుట్టించేవాళ్ళకి, అపార్ట్‌మెంట్ కారిడార్ తప్ప జాగా లేనివాళ్ళకి. ముప్ఫైల్లో ఉన్న సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళకి నేను తాయ్ చీ కంటే దీన్నే ముందు చెబుతాను, గురువు దొరికితే. తొందరపాటు మనిషికి ఇది తొందరగా తన తొందరపాటుని చూపిస్తుంది. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరుని అడిగి, దెబ్బల వేగం తగ్గించుకుని చెయ్యాలి.

బాగ్వా: చుట్టూ నడిచే కళ

దోంగ్ హాయ్‌చువాన్ అనే ఆయన 19వ శతాబ్దంలో బీజింగ్‌లో నేర్పిన కళ ఇది. ఆయన 1882లో పోయారు. ఎనిమిది రేఖాకూటాల (మూడేసి గీతల గుర్తుల) పేరు పెట్టుకుంది, మూలసాధన మాత్రం వలయం చుట్టూ నడక. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు కాళ్ళు నడుస్తుంటాయి, నడుం పైభాగం మాత్రం వలయం మధ్యకి తిరిగి ఉంటుంది. అడుగు "బురద అడుగు". దమ్ము చేసిన మడిలో జారకుండా నడిచే రైతుని గమనించండి: పాదం ముందుకు పంపి, కింద నేల దొరికిందని తెలిశాకే బరువు మోపుతాడు. బాగ్వా నడక ప్రాణం అదే. మడమ ముందు పడదు, పాదం నేలకి సమంగా రాసుకుంటూ వెళ్తుంది.

దీన్ని మొదటి కళగా ఎంచుకోమని నేను చెప్పను. దోంగ్ దగ్గరికి వచ్చిన పేరున్న శిష్యులు అప్పటికే ఏదో ఒక విద్యలో చెయ్యి తిరిగినవాళ్ళు. కళ్ళజోళ్ళ వ్యాపారి చెంగ్ తింగ్‌హువా కుస్తీ తెలిసినవాడు, యిన్ ఫుకి ముందే గుద్దుల విద్య వచ్చు. అందుకే ఒక్కో శిష్యుడి పరంపరలో బాగ్వా ఒక్కోలా ఉంటుంది, మీరు చూసే రెండు వీడియోలు పోలకపోవడానికి కారణం అదే. పునాది లేకుండా వలయం ఎక్కితే చీలమండ, మోకాలు మెలిపడతాయి. డ్యాన్స్ చేసినవాళ్ళు, ఒళ్ళు తేలిగ్గా తిరిగేవాళ్ళు, నిలబడి సాధన చెయ్యడం భరించలేనివాళ్ళు మాత్రం దీన్ని ప్రేమిస్తారు. కూచిపూడి నేర్చిన మా చెల్లెలు మొదటిరోజే నాకంటే బాగా నడిచింది. తనకి కష్టమైనదల్లా పాదం చప్పుడు చెయ్యకుండా ఉండటం.

తాయ్ చీ అయితే, ఏ తాయ్ చీ?

మీలో ఎక్కువమంది చివరికి ఇక్కడికే వస్తారు, ఎందుకంటే దొరికేది ఇదే. అసలు ఎంపిక ఇక్కడే ఉంది.

జాంగ్ సాన్‌ఫెంగ్ అనే తావో సన్యాసి వూదాంగ్ కొండల మీద పుట్టించాడన్న కథ అందరూ చెబుతారు. చరిత్రకి అందేది హెనాన్ ప్రాంతంలోని చెన్ గ్రామం, 17వ శతాబ్దపు చెన్ వాంగ్‌తింగ్. ఆ ఊరి చెన్ చాంగ్‌షింగ్ దగ్గర బయటివాడైన యాంగ్ లుచాన్ (1799–1872) నేర్చుకుని బీజింగ్ వెళ్ళి రాజవంశీకులకి నేర్పాడు. యాంగ్ నుంచి వూ వచ్చింది. యాంగ్ ఊరివాడే అయిన మరో వూ నుంచి హావ్, హావ్ నుంచి సున్. 2020లో యునెస్కో తాయ్ చీని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఐదూ ఒక్క చెట్టు కొమ్మలే కాబట్టి, ఏది అసలైనది అనే గొడవలోకి వెళ్ళకండి. మీ మోకాళ్ళు, మీ వయసు, మీ ఓపిక, ఈ మూడింటినే అడగండి.

చెన్ శైలి వేగం మారుతూ ఉంటుంది. మెల్లగా చుట్టుకుంటూ వెళ్ళి ఒక్కసారి ఫట్‌మని బలం వదులుతారు, దాన్ని ఫాజిన్ అంటారు. కాలు నేలకేసి కొట్టడం, గెంతడం కూడా ఉంటాయి. దీని మూల సాధన పేరు "పట్టుదారం తియ్యడం". హిందూపురం వైపు పట్టుగూళ్ళ నుంచి దారం తియ్యడం చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. గట్టిగా లాగితే తెగుతుంది, వదిలేస్తే చిక్కుపడుతుంది, ఒకే తీరున తిప్పుతూ ఉండాలి. చెన్‌లో ఒళ్ళంతా కాలి మడమ నుంచి చేతి వేలికొస దాకా అలా మెలితిరుగుతూ కదులుతుంది. ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉండి, కీళ్ళు బాగుండి, యుద్ధకళగానే నేర్చుకోవాలనుకునేవాళ్ళకి ఐదింట్లో ఇదే నా మొదటి మాట. అరవై దాటినవాళ్ళకి చెప్పను, కిందికి కూర్చునే నిలుపులు చాలా కోరుతుంది. గురువు ఎత్తు నిలుపులో నేర్పడానికి ఒప్పుకుంటే సరే.

యాంగ్ శైలి మనం పార్కుల్లో చూసేది. యాంగ్ లుచాన్ మనవడు యాంగ్ చెంగ్‌ఫు (1883–1936) దీన్ని విశాలంగా, ఒకే వేగంతో సాగేలా తీర్చాడు. పెద్ద ఫారమ్‌ని 85 అనీ, 103 అనీ, 108 అనీ రకరకాలుగా లెక్కపెడతారు. ఫారమ్ ఒకటే, లెక్క వేరు. చెయ్యడానికి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. 1956లో చైనా క్రీడా సంఘం దీని ఆధారంగానే 24 కదలికల చిన్న ఫారమ్ తయారుచేసింది, ఆరు నిమిషాల్లోపే అయిపోతుంది. నేను చూసినంతలో మన ఊళ్ళలో తాయ్ చీ అని నేర్పే చోట చాలావరకు ఉండేది ఈ 24 కదలికలే. అది తక్కువదేమీ కాదు. నేను కూడా అక్కడే మొదలయ్యాను. ఒక్క జాగ్రత్త: మూడు నెలల్లో కదలికలు వచ్చేస్తాయి, వచ్చేశాక ఏం చెయ్యాలో చెప్పే మనిషి లేకపోతే అక్కడితో ఆగిపోతారు. మీ గురువుకి 24 తర్వాత ఏముందో ముందే అడగండి.

వూ శైలి యాంగ్ శిష్యుడైన మాంచూ సైనికుడు చువాన్యూ, ఆయన కొడుకు వూ జియాన్‌చువాన్ (1870–1942) ద్వారా వచ్చింది. వలయాలు చిన్నవి. ముందుకు వంగినప్పుడు వెనక మడమ నుంచి తల దాకా ఒకే వాలు గీత. చూడగానే తప్పులా కనిపిస్తుంది, తప్పు కాదు. పుష్ హ్యాండ్స్ (ఇద్దరు మణికట్లు తాకించి చేసే సాధన) మీద శ్రద్ధ ఎక్కువ, నిలుపులు అంత కిందికి ఉండవు. హావ్ శైలి చాలా అరుదు, దొరికితే అదృష్టం, వెతుక్కుంటూ కూర్చోకండి.

సున్ శైలి పైన చెప్పిన సున్ లుతాంగ్‌దే. ఎత్తుగా నిలబడతారు. ఒక పాదం కదిలితే రెండోది వెంటనే దాని వెనక చేరుతుంది, అందువల్ల బరువు ఎప్పుడూ ఒక కాలి మీద ఎక్కువసేపు నిలవదు. 1997లో ఆస్ట్రేలియాలో కీళ్ళవాతం ఉన్నవాళ్ళ కోసం ఒక ప్రోగ్రామ్ తయారుచేసినప్పుడు ఈ శైలినే ఆధారంగా తీసుకున్నారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి నా సలహా ఇదే. దొరక్కపోతే ఎత్తు నిలుపులో యాంగ్.

పెద్దవాళ్ళ విషయంలో ఇంకో మాట. 2012లో అమెరికాలోని ఆరెగాన్‌లో 195 మంది పార్కిన్‌సన్స్ రోగుల మీద ఒక అధ్యయనం జరిగింది. వారానికి రెండుసార్లు, 24 వారాలు. తాయ్ చీ చేసినవాళ్ళకి నిలకడ మెరుగైంది, సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్ళ కంటే తక్కువగా పడిపోయారు. వాళ్ళకి నేర్పింది 108 కదలికల ఫారమ్ కాదు, కొద్దిపాటి కదలికలే. కాబట్టి మీ నాన్నగారికి పెద్ద ఫారమ్ గుర్తుండటం లేదని బాధపడకండి. నాలుగు కదలికలు సరిగ్గా వస్తే చాలు.

మోకాలు ఎక్కడ పోతుంది

ఇది ఏ శైలివాళ్ళకైనా పనికొస్తుంది కాబట్టి కొంచెం నింపాదిగా చెబుతాను. మొదట్లో వీడియోలు చూసి చేసినప్పుడు నా కుడి మోకాలు వాచి నెలన్నర మెట్లెక్కలేకపోయాను. కారణం తర్వాత తెలిసింది.

కాలు ముందుకు వేసి, బరువంతా దాని మీదకి పంపి, చెయ్యి ముందుకు తోశారనుకోండి. ఇప్పుడు రెండో కాలు ముందుకు వెయ్యాలంటే ఈ ముందు పాదం బయటికి తిరగాలి. బరువు దాని మీద ఉండగానే పాదాన్ని తిప్పితే నేల పాదాన్ని పట్టుకుంటుంది, నడుం తొడని తిప్పుతుంది, మధ్యలో ఉన్న మోకాలు మెలిపడుతుంది. మోకాలు తలుపు బందు లాంటిది. ముయ్యడానికి, తెరవడానికే ఉంది. బరువుని కొంచెం వెనక్కి తీసుకుని, ముందు పాదం తేలికయ్యాక, గజ్జ దగ్గర మడత తెరిచి తొడతో సహా పాదాన్ని తిప్పాలి. ఆ తర్వాతే మళ్ళీ బరువు. బాగా శిక్షణ పొందినవాళ్ళు బరువు ఉంచే తిప్పే పద్ధతులూ ఉన్నాయి, కొత్తవాళ్ళకి అవి వద్దు. ఇంకొకటి, మోకాలు ఎప్పుడూ కాలి వేళ్ళ దిక్కుకే చూడాలి. లోపలికి వాలితే ఆ రోజుకి నిలుపు ఎత్తు పెంచుకోండి.

ఏ క్లాసుకి వెళ్ళినా మొదటిరోజు గురువు పాతవిద్యార్థుల మోకాళ్ళు చూడండి. లోపలికి వాలిపోతున్నా ఆయన ఏమీ అనకపోతే ఇంకో చోటు వెతుక్కోండి.

ఫారమ్, నిలబడటం, పుష్ హ్యాండ్స్

సాధన ఈ మూడు ముక్కలు. చాలా క్లాసుల్లో మొదటిది మాత్రమే ఉంటుంది. క్లాసు ఎంచుకునేటప్పుడు నేను ఫీజు కంటే ముందు అడిగేది ఇదే: పుష్ హ్యాండ్స్ చేయిస్తారా?

పుష్ హ్యాండ్స్ అంటే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, మణికట్లు తాకించి, ఒకరి బలాన్ని ఒకరు "వినడం". వినడం అనే మాట చైనీస్‌లో ఉన్నదే. పెంగ్, ల్యూ, జీ, ఆన్ అని నాలుగు చేతులు: మోయడం, దారి మళ్ళించడం, నొక్కడం, తోయడం. కాగితం మీద నాలుగు మాటలు. చేతిలో చూస్తే, మా షీఫూకి అప్పుడు డెబ్భై దాటాయి, నేను గట్టిగా తోస్తే ఆయన మణికట్టు ఎక్కడా అడ్డుపడేది కాదు, ఎక్కడా జారిపోయేది కాదు. తడిసిన స్పాంజి మీద చెయ్యి పెట్టినట్టు కొంచెం లోపలికి వెళ్ళేది, అంతలో నా బరువు నా ముందు పాదం దాటి ఉండేది. ఆయన ఏమీ చెయ్యలేదు. నేనే పడేవాణ్ణి. నాలుగు తులాలతో వెయ్యి వీశెలు పక్కకి తప్పించడం అని వాళ్ళ పాత సూత్రం. అది నా ఒంటికి తెలిసింది ఆరోజే, పుస్తకాల్లో చదివిన రెండేళ్ళకి.

అందుకే ఆన్‌లైన్ క్లాసు గురించి అడిగితే నా జవాబు సగమే అవును. పాదం ఎక్కడ పెట్టారో, భుజం లేచిందో కెమెరాలో కనిపిస్తుంది. మీ చేతిలో బరువు ఉందా లేదా కనిపించదు. ఆన్‌లైన్‌లో నేర్చుకుంటూ ఏడాదికి రెండు మూడుసార్లయినా ఆ గురువు దగ్గరికి వెళ్ళగలిగితే నడుస్తుంది. షింగ్‌యి, సున్ శైలి ఇలా కొంతవరకు నేర్చుకోవచ్చు. చెన్ ఫాజిన్, బాగ్వా మాత్రం దూరంనుంచి వద్దు.

తాకకుండానే మనుషుల్ని ఎగరగొట్టే గురువుల దగ్గరికి వెళ్ళకండి. విద్యార్థులు తప్ప ఎవరూ ఎగరరు. 2017లో చెంగ్దూలో షూ షియావ్‌దోంగ్ అనే ఎమ్ఎమ్ఏ (గుద్దులు, కుస్తీ అన్నీ కలిసిన పోటీ) ఆటగాడు తాయ్ చీ గురువునని చెప్పుకున్న ఒకాయన్ని అర నిమిషంలోపే పడగొట్టాడు. ఈ కళని ప్రేమించే నాలాంటివాళ్ళకి అది బాధే, కానీ అందులో అన్యాయం లేదు. నిజంగా కొట్టే మనిషితో సాధన లేకుండా ఏ కళా పోట్లాటకి పనికిరాదు. ఆరు నెలల్లో ఆత్మరక్షణ కావాలంటే, ముఖ్యంగా మీ అమ్మాయి కోసం అడుగుతుంటే, జూడో లేదా బాక్సింగ్‌లో చేర్చండి. వీటికి ఏళ్ళు పడుతుంది.

ఎంతసేపు, ఎన్నాళ్ళు

రోజూ పదిహేను నిమిషాలు చేసేవాళ్ళు, ఆదివారం రెండు గంటలు చేసేవాళ్ళ కంటే ముందుంటారు. ఇది మూడు కళలకీ ఒకటే. మొదటి మూడేళ్ళు ఒక్కదాని మీదే ఉండండి. నేను రెండో ఏడే షింగ్‌యి మొదలుపెట్టి తప్పు చేశాను. తాయ్ చీలో వెనక కాలి మీద బిగుసుకోవడం, షింగ్‌యిలో మధ్యలో మెత్తబడటం వచ్చింది, రెండూ చెడ్డాయి. మూడేళ్ళు ఒకదాంట్లో ఉన్నాక రెండోది మొదటిదానికి సాయం చేస్తుంది. షింగ్‌యి నుంచి మొదలైతే తర్వాత తాయ్ చీలో పాదం గట్టిగా ఉంటుంది. తాయ్ చీ నుంచి మొదలైతే తర్వాత బాగ్వాలో భుజం దిగి ఉంటుంది.

మీ ఊళ్ళో ఎవరూ లేకపోతే, గురువు దొరికేదాకా ఫారమ్ నేర్చుకోవద్దు. తప్పుగా నేర్చిన ఫారమ్ సరిచెయ్యడానికి కొత్తగా నేర్చుకోవడం కంటే ఎక్కువ కాలం పడుతుంది. నిలబడండి, అంతే. పాదాలు భుజాల వెడల్పున, వేళ్ళు తిన్నగా ముందుకి, మోకాళ్ళు మెత్తగా, తోక ఎముక నేలకి చూస్తూ, చేతులు పెద్ద చెట్టు మానుని కౌగిలించుకున్నట్టు ఛాతీ ఎత్తున. జాన్‌జువాంగ్ అంటారు, స్తంభంలా నిలబడటం. మొదటి వారం మూడు నిమిషాలు, నెల చివరికి పది. లెక్క కోసం ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి, మాటిమాటికీ గడియారం చూడకుండా.

చేతులు అలా ఉన్నప్పుడు ఇంట్లో ఎవరినైనా పిలిచి మోచేతి కింద రెండు వేళ్ళు పెట్టమనండి. దీనికి ఏమీ తెలిసి ఉండక్కర్లేదు. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. రోజూ స్కూల్ వ్యాన్ వచ్చేలోపు డాబా మీదకొచ్చి ఈ పని చేసిపెడుతుంది. వేళ్ళు తీసేసి చూస్తుంది. చెయ్యి పడితే కిందికి వెళ్ళిపోతుంది. పడకపోతే, "నాన్నా, ఇంకా నువ్వే పట్టుకున్నావు" అని మళ్ళీ పెడుతుంది.